ఇంగ్లీషు గడీలో కింది అంతస్తు

(కార్మిక అధ్యయన తరగతిలో చేసిన ఉపన్యాస పాఠం)



పొద్దుటి పాళీ దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్ళు మీలో ఉన్నారు. ఇక్కణ్ణుంచి రాత్రి పాళీకి పోవలసినవాళ్ళూ ఉన్నారు. అందుకని ఎక్కువసేపు తీసుకోము.

ఉపన్యాసం పేరు విని ఒక పెద్దాయన, "సాంచాల మీద బతికేవాళ్ళకు ఇంగ్లీషు దొర ఇంటి ముచ్చట ఎందుకు నాయనా?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు ఇప్పుడు చెప్పము. కథ అయిపోయేసరికి ఆయనే చెపుతారని మా నమ్మకం.

మన తాతల ఊళ్ళలో గడీ ఉండేది. కోస్తావాళ్ళు దివాణం అంటారు. గడీలో దొర పేరు, దొరసాని నగలు, దొర కొడుకు పెళ్ళికి వచ్చిన ఏనుగులు అందరికీ గుర్తే. ఆ గడీకి నీళ్ళు మోసినామె పేరు ఎవరికీ గుర్తు లేదు. ఇంగ్లండులోనూ ఇదే సంగతి. అయితే అక్కడ ఒక గడీలో పనిమనిషి పేరు చరిత్రలో నిలిచింది. ఆమె కొడుకు పెద్ద రచయిత కావడం వల్ల నిలిచింది. ఆ ఇంటి పేరు అప్‌పార్క్.

దక్షిణ ఇంగ్లండులో, ససెక్స్ ప్రాంతంలో, హార్టింగ్ అనే ఊరికి పైన కొండ మీద ఉంది ఆ ఇల్లు. 1690 ప్రాంతంలో కట్టారు. ఎర్ర ఇటుక గోడలు, వరసగా కిటికీలు, చుట్టూ పచ్చిక బయళ్ళు, జింకలు. 1747లో మాథ్యూ ఫెదర్‌స్టన్‌హా అనే ధనవంతుడు దాన్ని కొన్నాడు. ఈయన ఈస్టిండియా కంపెనీలో వాటాదారు. కంపెనీ అన్నాక మన సంగతి కూడా వస్తుంది. ఆ రోజుల్లో కంపెనీ వ్యాపారంలో మన తూర్పు తీరపు నూలుబట్ట పెద్ద సరుకు. మచిలీపట్నంలోనూ, యానాం పక్కనున్న ఇంజరంలోనూ, నర్సాపురం దగ్గర మాధవాయపాలెంలోనూ కంపెనీ కొఠీలు ఉండేవి. ఆ మాధవాయపాలెం పేరే ఇంగ్లీషువాళ్ళ నోట 'మాదాపోలం' అయి ఒక రకం బట్టకు పేరుగా నిలిచిపోయింది. దొర చేతికి వచ్చిన వాటా లాభంలో మన నేతగాళ్ళ చెమట కూడా కొంత కలిసి ఉందని చెప్పడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు.

ఇక ఇంట్లోకి పోదాము.

మాథ్యూ కొడుకు సర్ హ్యారీ. జూదం, గుర్రప్పందాలు, విందులు. 1781లో ఎమ్మా అనే పదహారేళ్ళ పిల్లను తెచ్చి పెట్టుకున్నాడు. కమ్మరి కూతురు, అంతకు ముందు ఇళ్ళలో పనిచేసిన పిల్ల. కొన్ని నెలలు గడిచాయి. ఆ పిల్ల కడుపుతో ఉందని తెలియగానే బయటికి పంపేశాడు. ఆమె తర్వాత లేడీ హామిల్టన్‌గా, నౌకాసేనాని నెల్సన్ ప్రేయసిగా లోకానికి తెలిసింది. కాని ఆ రోజు గడప దాటి వెళ్ళినప్పుడు ఆమెకు దిక్కు లేదు.

ఇదే సర్ హ్యారీ డెబ్బై ఏళ్ళు వచ్చాక, 1825లో, ఇరవై దాటీ దాటని మేరీ ఆన్ బుల్లక్ అనే అమ్మాయిని పెళ్ళాడాడు. ఆమె ఆ ఇంటి పాలగదిలో పనిచేసే అమ్మాయి. ఆమె పాడుతూ ఉంటే విని మనసు పడ్డాడట. "ఇప్పుడే బదులు చెప్పనక్కర్లేదు. నేను ఇష్టమైతే ఈ రాత్రి నా బల్ల మీదికి వచ్చే గొర్రె తొడలోంచి ఒక ముక్క కోసి పంపు" అన్నాడట. రాత్రి మాంసం వచ్చింది. ఒక ముక్క కోసి ఉంది. ఆ ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే కథ ఇది. నిజం ఎంతో, కల్పన ఎంతో మనకు అక్కర్లేదు. పెళ్ళి మాత్రం నిజం. ఆమెకు చదువు, దొరసాని మర్యాదలు నేర్పించారు. ఆమె చెల్లెలు ఫ్రాన్సెస్‌ను కూడా ఇంట్లో పెట్టుకుని పెంచారు.

1846లో సర్ హ్యారీ చనిపోయాడు. ఇల్లు, భూములు, సర్వం మేరీ ఆన్ చేతికి వచ్చాయి. 1874లో ఆమె పోయాక చెల్లెలు ఫ్రాన్సెస్‌కు వచ్చాయి. ఫ్రాన్సెస్ ఫెదర్‌స్టన్‌హా ఇంటిపేరు కూడా పెట్టుకుని 1895 వరకు ఆ ఇంటి యజమానురాలిగా బతికింది. అంటే దాదాపు యాభై ఏళ్ళు ఆ గడీ ఇద్దరు అక్కచెల్లెళ్ళది. ఒకామె పాలగదిలో పనిచేసినామె, రెండోామె ఆమె చెల్లెలు.

ఇది వినగానే మనకు సంతోషం కలుగుతుంది. "చూశారా, కష్టపడే పిల్ల దొరసాని అయింది" అని. సినిమా అయితే ఇక్కడ 'శుభం' కార్డు పడేది. కాని మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. పాలమ్మాయి పైకి ఎక్కాక కింద ఉన్నవాళ్ళ బతుకు మారిందా?

మారలేదు. అక్కచెల్లెళ్ళు సర్ హ్యారీ కాలంలో ఏది ఎలా ఉందో అలాగే ఉంచారు. కుర్చీ కుర్చీగానే, తెర తెరగానే, నౌకరు నౌకరుగానే.

కింది అంతస్తు ఎలా ఉండేదో చెపుతాము. 19వ శతాబ్దంలో ఆ ఇంటికి వంటిల్లు ఒకవైపు వేరే కట్టడంలో, గుర్రాల శాల మరొకవైపు వేరే కట్టడంలో ఉండేవి. అక్కణ్ణుంచి ఇంట్లోకి భూమి లోపల సొరంగాలు తవ్వారు. వంటకాలు ఆ సొరంగం దారినే రావాలి. నౌకర్లూ ఆ దారినే నడవాలి. ఎందుకు? పచ్చిక మీద పనిమనుషులు నడుస్తూ ఉంటే కిటికీలోంచి చూసే దొరల కంటికి ఇంపుగా ఉండదు. పని కావాలి, పనిచేసే మనిషి కనపడకూడదు. ఆ సొరంగాల అర్థం అంతే.

ఆ ఇళ్ళలో మన మిల్లులో లాగే ఖాతాలు, పై అధికారులు, కింది అధికారులు ఉండేవారు. మగవాళ్ళ మీద బట్లరు, ఆడవాళ్ళ మీద హౌస్‌కీపరు. హౌస్‌కీపరు నడుముకు తాళాల గుత్తి ఉంటుంది. ఆమె కింద గదులు ఊడ్చే పిల్లలు, బట్టలు ఉతికే పిల్లలు, అందరికన్నా కింద అంట్లు తోమే పిల్ల. తెల్లవారకముందే లేచి పొయ్యిల్లో బూడిద ఎత్తి, బొగ్గులు మోసి, వేణ్ణీళ్ళు మెట్ల మీదుగా పై గదులకు చేర్చాలి. 1861లో మిసెస్ బీటన్ అనే ఆవిడ ఇంటి నిర్వహణ మీద అచ్చువేసిన ప్రసిద్ధ పుస్తకంలో జీతాల పట్టిక ఉంది. బట్లరుకు ఏడాదికి 25 నుంచి 50 పౌండ్లు. అంట్లు తోమే పిల్లకు ఏడాది మొత్తానికి పది పౌండ్ల లోపు.

ఇంకొక ముచ్చట. 1777 నుంచి 1937 వరకు ఇంగ్లండులో మగ నౌకర్లను పెట్టుకున్నందుకు యజమాని పన్ను కట్టేవాడు. బండికి పన్ను, కుక్కకు పన్ను, మగ నౌకరుకు పన్ను. మనిషిని ఏ లెక్కలో చేర్చారో దాన్నిబట్టే తెలుస్తుంది.

పని మానేసి మరో చోటికి పోవాలంటే పాత యజమాని ఉత్తరం కావాలి. 'క్యారెక్టర్' అనేవారు. ఈ మనిషి మంచిది, దొంగ కాదు, తాగదు అని రాసి ఇవ్వాలి. ఇచ్చి తీరాలని చట్టం లేదు. ఇవ్వకపోతే మరో ఇంట్లో పని దొరకదు. మూతపడ్డ మిల్లు నుంచి సర్వీసు కాగితం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళు మనలో ఉన్నారు. ఆ ఉత్తరం విలువ మనకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వస్తున్నాము. పేరు సారా నీల్. 1822లో పుట్టింది. 1850లో ఫ్రాన్సెస్ దగ్గర సొంత పనిమనిషిగా అప్‌పార్క్‌లో చేరింది. జుట్టు దువ్వటం, బట్టలు సవరించటం, కుట్లు వేయటం పని. ఆ ఇంటి తోటలో పనిచేసే జోసెఫ్ వెల్స్‌ను 1853లో పెళ్ళాడింది. ఇద్దరూ కలిసి లండన్ దగ్గర బ్రామ్లీలో పింగాణీ సామాన్ల కొట్టు కొన్నారు. ఒకరి కింద పనిచేసే బాధ తప్పిందని అనుకున్నారు. కొట్టు సాగలేదు. 1877లో జోసెఫ్ కాలు విరిగింది. క్రికెట్ ఆడి తెచ్చే నాలుగు డబ్బులూ పోయాయి. 1880లో అప్‌పార్క్ నుంచి కబురు వచ్చింది: హౌస్‌కీపరుగా రమ్మని. సారా వెళ్ళింది. భర్త కొట్టులో మిగిలాడు, పిల్లలు తలా ఒక చోటికి చెదిరిపోయారు.

పై అంతస్తులో కుటుంబ జీవితం నిలవాలంటే కింది అంతస్తులో కుటుంబాలు ఇలా విడిపోవలసిందే. దొరల పిల్లలకు దాది కావాలి. ఆ దాదికి పిల్లలుంటే వాళ్ళు ఎక్కడో ముసలమ్మ దగ్గర ఉండాలి. పెళ్ళి చేసుకుంటే చాలా ఇళ్ళలో ఉద్యోగమే పోయేది.

సారా చిన్న కొడుకు హెర్బర్ట్ జార్జి. లోకం హెచ్.జి. వెల్స్ అని పిలుస్తుంది. వాడికి పద్నాలుగేళ్ళు రాగానే తల్లి బట్టల కొట్టులో పెట్టింది. మొదటి చోట నిలవలేదు. 1881లో సౌత్‌సీ అనే ఊళ్ళో మరో పెద్ద బట్టల కొట్టులో అప్రెంటిసుగా కుదిర్చింది. కొట్టు పైనే పడక, కొట్టువాడి తిండి. పొద్దున్నే లేచి దుమ్ము దులపాలి, తానులు సర్దాలి, రోజుకు పదమూడు గంటలు నిలబడాలి. కొనేవాళ్ళు విప్పించి పారేసిన బట్టను మళ్ళీ మడత పెట్టాలి. మనం నేసిన బట్ట కొట్లోకి వెళ్ళాక దాన్ని మోసేవాడి కాళ్ళూ నొస్తాయి సోదరులారా.

రెండేళ్ళు భరించాడు. 1883లో ఒక ఆదివారం తెల్లవారుజామున లేచి, ఏమీ తినకుండా పదిహేడు మైళ్ళు నడిచి అప్‌పార్క్ చేరాడు. నౌకర్లంతా హార్టింగ్ చర్చి నుంచి వరసగా కొండ ఎక్కి వస్తున్నారు. వాళ్ళల్లో తల్లి ఉంది. పొదల్లోంచి లేచి ఎదురు వెళ్ళాడు. "నేను ఆ పని చేయలేను, చదువుకుంటాను" అని పట్టు పట్టాడు. తల్లి గుండె గుభేలుమని ఉంటుంది. కొట్టువాడికి కట్టిన డబ్బు పోతుంది, నలుగురిలో మాట పోతుంది. అయినా చివరికి ఒప్పుకుంది. కుర్రవాడు మిడ్‌హర్స్ట్ బడిలో చిన్న ఉపాధ్యాయుడిగా చేరాడు. మరుసటి ఏడు లండన్‌లో సైన్సు కళాశాలకు ఉపకార వేతనం సంపాదించాడు.

చదువు మీద ఆ ఆశ ఎక్కడ పుట్టింది? కొంత ఆ గడీలోనే పుట్టింది. తల్లి దగ్గరికి వచ్చినప్పుడల్లా పై గదుల్లో ఎవరూ చదవని సర్ హ్యారీ పుస్తకాలు తెచ్చుకుని చదివేవాడు. ప్లేటో చదివాడు, స్విఫ్ట్ చదివాడు, టామ్ పెయిన్ చదివాడు. అటక మీద ముక్కలుగా పడి ఉన్న దూరదర్శిని దొరికితే బిగించుకుని రాత్రిళ్ళు చంద్రుణ్ణి చూశాడు. ఒక క్రిస్మస్ సెలవుల్లో మంచు పడి కదలలేక, హౌస్‌కీపరు గదిలో పనిపిల్లల కోసం నీడల బొమ్మలాట ఆడించాడు, చేత్తో రాసి ఒక చిన్న పత్రిక కూడా నడిపాడు. పుస్తకం దొర బీరువాలో ఉంటే అలంకారం. పనిమనిషి కొడుకు చేతిలో పడితే ఆయుధం.

1895లో ఆయన 'కాల యంత్రం' అనే నవల రాశాడు. అందులో కొన్ని లక్షల ఏళ్ళ తర్వాత మనుషులు రెండు జాతులుగా చీలిపోతారు. పైన ఎండలో ఆడుకునే సుకుమారులు. కింద చీకటి సొరంగాల్లో యంత్రాలు నడిపేవాళ్ళు. పైవాళ్ళు కట్టుకునే బట్టలు కూడా కిందివాళ్ళే తయారు చేస్తారు. రాత్రి అయితే కిందివాళ్ళు బయటికి వచ్చి పైవాళ్ళను పట్టి తింటారు. అప్‌పార్క్ సొరంగాలే ఆ నవలకు బీజం అని చాలామంది అంటారు. చదివినప్పుడు మనకూ అలాగే తోస్తుంది. ఆ తర్వాత 1905లో 'కిప్స్'లో బట్టల కొట్టు కుర్రవాడి బతుకు రాశాడు. 1909లో 'టోనో బంగే' నవలలో, పేరు మార్చి, ఆ గడీనే చిత్రించాడు.

కాని మన కథ రచయితది కాదు, తల్లిది. సారా పన్నెండేళ్ళకు పైగా ఆ ఇంటి తాళాలు మోసింది. ఆమె అంత సమర్థురాలైన హౌస్‌కీపరు కాదని కొడుకే తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఉండవచ్చు. కొట్టులో కూర్చుని బతుకు వెళ్ళదీసినామెకు అంత పెద్ద ఇంటి లెక్కలు ఒక్కసారిగా ఎలా వస్తాయి? వయసు మీద పడింది. చెవుడు వచ్చింది. 1893లో, డెబ్బై ఏళ్ళ వయసులో, ఆమెను పనిలోంచి తీసేశారు. తీసేసిన యజమానురాలు ఎవరు? ఫ్రాన్సెస్. పాలమ్మాయి చెల్లెలు. యవ్వనంలో సారా చేత జుట్టు దువ్వించుకున్న మనిషి.

ఇక్కడే ఆగి ఆలోచించాలి. ఫ్రాన్సెస్ దుర్మార్గురాలని మేము అనటం లేదు. ఆమె ఆ కుర్చీలో కూర్చుంది, ఆ కుర్చీ చేయించే పని చేసింది. కింద నుంచి ఒకరు పైకి ఎక్కితే మెట్లు కూలిపోవు. ఎక్కినవాళ్ళ వెనక ఆ మెట్లు అలాగే ఉంటాయి. మనలోంచి ఒకడు జాబరు అయినప్పుడు, ఒకడు నాలుగు సాంచాలు కొని సేటు అయినప్పుడు మనం ఇది చూడలేదా?

సారాకు పెన్షన్ లేదు. కొడుకు సంపాదన ఉండబట్టి ముసలితనం గడిచింది. అటువంటి కొడుకు లేనివాళ్ళకు అనాథల వర్క్‌హౌసే గతి. ఆమె 1905లో చనిపోయింది. బ్రిటన్‌లో వృద్ధాప్య పెన్షన్ చట్టం 1908లో వచ్చింది. డెబ్బై ఏళ్ళు దాటిన బీదలకు వారానికి ఐదు షిల్లింగులు 1909 జనవరి 1 నుంచి ఇవ్వసాగారు. సారాకు మూడున్నర ఏళ్ళు ఆలస్యమైంది.

1901 లెక్కల ప్రకారం ఇంగ్లండు, వేల్సుల్లో దాదాపు 13 లక్షల మంది స్త్రీలు ఇళ్ళలో నౌకరీ చేసేవారు. స్త్రీలకు అంతకు మించిన ఉపాధి మరొకటి లేదు. మిల్లు స్త్రీలకు యూనియన్ ఉంది, వీళ్ళకు లేదు. ఎందుకంటే మిల్లులో వెయ్యి మంది ఒకే భోంగాకు లేస్తారు. ఇంటి నౌకరు ఒక్కతే ఒక గంట మోతకు లేస్తుంది. 1910 ప్రాంతంలో క్యాథ్లిన్ ఆలివర్ అనే పనిమనిషి ముందు నిలిచి ఇంటి పనివారి యూనియన్ ఒకటి పెట్టింది. అది చిన్నదే, ఎక్కువ కాలం నిలవలేదు. కాని మాట పుట్టింది. 1911లో ప్రభుత్వం ఆరోగ్య బీమా చట్టంలో నౌకర్లను చేర్చితే లండన్‌లో ఆల్బర్ట్ హాలు నిండా దొరసానులు సభ పెట్టి, బీమా బిళ్ళలు మేము అతికించము అని గోల చేశారు. చట్టం ఆగలేదు. అయితే 1920లో నిరుద్యోగ బీమా చట్టం చేసినప్పుడు ఇళ్ళలో పనిచేసేవాళ్ళను బయటే ఉంచారు. ఇంటి పని పనే కాదన్న పాత మాట అంత గట్టిది.

ఆ ఇంటి సంగతి ముగిద్దాము. 1930లలో అక్కడికి వచ్చిన కొత్త దొరసాని లేడీ మీడ్ ఫెదర్‌స్టన్‌హా చివికిపోయిన పాత పట్టు తెరలను సబ్బు మొక్కతో ఉతికి బాగుచేయించింది. మన కుంకుడుకాయలా నురగ వచ్చే మొక్క అది. చిరిగిన చోట పోగు పోగుగా కుట్టించింది. 1954లో ఇల్లు నేషనల్ ట్రస్టు అనే సంస్థకు వెళ్ళింది. 1989 ఆగస్టు 30న పైకప్పు మరమ్మతు జరుగుతూ ఉండగా నిప్పు అంటుకుని పై అంతస్తులు కాలిపోయాయి. పనివాళ్ళు, అగ్నిమాపక దళం, ఆ కుటుంబం, చుట్టుపక్కలవాళ్ళు వరసగా నిలబడి చేతి నుంచి చేతికి సామాన్లు అందించి కింది గదుల వస్తువులు చాలావరకు కాపాడారు. ఆ రోజు వరసలో పైవాడు, కిందివాడు అన్న తేడా లేదు. తర్వాత వడ్రంగులు, గార పనివాళ్ళు, బట్ట బాగుచేసేవాళ్ళు ఏళ్ళ తరబడి శ్రమించి మళ్ళీ నిలబెట్టారు. 1995లో జనానికి తెరిచారు. ఇప్పుడు చూడటానికి వెళ్ళేవాళ్ళు పై గదులతోపాటు సొరంగాలు కూడా చూస్తారు. ఒకప్పుడు కనపడకూడదని తవ్విన దారి అది.

సోదరులారా, ఇక మన ఇంటికి వద్దాము. 1982 బొంబాయి సమ్మె తర్వాత ఎన్ని చాళ్ళలో మగవాడు ఖాళీగా కూర్చుంటే ఆడమనిషి నాలుగిళ్ళు పట్టుకుని గిన్నెలు తోమి, బట్టలు ఉతికి పిల్లల్ని బడికి పంపిందో మనకు తెలుసు. మేము మొన్న మా చందా పుస్తకం తిరగేశాము. మగ సభ్యుడి పేరు ఎదురుగా 'భార్య వృత్తి' అన్న గడిలో చాలా చోట్ల 'ఏమీ లేదు' అని రాసి ఉంది. రాసింది మేమే. రోజుకు నాలుగిళ్ళలో పనిచేసి వచ్చే మనిషికి 'ఏమీ లేదు' అని మన చేత్తో మనమే రాశాము. పని కావాలి, పనిచేసే మనిషి కనపడకూడదు అన్న ఆ సొరంగం మన పుస్తకంలోనూ ఉంది.

మహారాష్ట్రలో ఇళ్ళలో పనిచేసేవారికి సంక్షేమ బోర్డు పెట్టే చట్టం 2008లో వచ్చింది. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒప్పందం ద్వారా ఇంటి పని కూడా పనే, చేసేవారూ కార్మికులే అని చెప్పింది. కాగితం మీద మాట ఉంది. దాన్ని చేతికి తెచ్చుకోవటానికి పేరు నమోదు కావాలి, పేరు నమోదుకు తోడు వెళ్ళే మనిషి కావాలి. ఆ తోడు మనం కావాలి.

అందుకని మేము అడిగేది చిన్న పని. ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక మీ ఇంటి ఆడవాళ్ళను అడగండి. ఎన్ని ఇళ్ళలో చేస్తావు, ఎంత ఇస్తారు, వారానికి సెలవు ఉందా, జబ్బు చేస్తే జీతం కోస్తారా అని. కాగితం మీద రాసి తీసుకురండి. వచ్చే తరగతికి వాళ్ళనే తీసుకురండి, ఇంకా మంచిది. 'ఏమీ లేదు' అన్న మాట కొట్టేసి అక్కడ వాళ్ళ పని పేరు రాద్దాము.

ప్రశ్న అడిగిన పెద్దాయన ఇప్పుడు తల ఊపుతున్నారు. ఇక మేము కూర్చుంటాము. రాత్రి పాళీవాళ్ళకు ఆలస్యమవుతోంది.

సెలవు.